మూసు వేట: అలాస్కాలో స్వయంనిర్వాహిత యాత్రలు

ఉత్తర అమెరికా ఖండపు వాయవ్యకోణమున, అమెరికా సంయుక్త రాష్ట్రములలో వైశాల్యముచేత ప్రథమస్థానము వహించు అలాస్కా రాష్ట్రమునందు, వృత్తి మార్గదర్శకుల సాయము గైకొనక, విమానమును మాత్రము కిరాయికి కుదుర్చుకొని, ఇద్దరు ముగ్గురు మిత్రులు జట్టుగా దారితెన్నులు లేని అడవులలో వారము పదిదినములు నివసించి, మూసు అను మహామృగమును వేటాడి దాని మాంసమును ఇంటికి చేర్చుకొను యాత్రలను స్వయంనిర్వాహిత మూసు వేటలందురు. పేరునకు వేటయే యైనను ఇందు తుపాకి పేలు క్షణము మిక్కిలి స్వల్పమైన భాగము; తక్కినదంతయు బరువుల లెక్క. విమానము ఎన్ని పౌనుల సామాను మోయగలదు, గాలితెప్ప ఎంత లోతు నీటిలో తేలును, నేలగూలిన మృగమును మనుష్యుని వీపు ఎంత దూరము చేర్పగలదు అను ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనిన పిదపనే అనుభవజ్ఞుడు తుపాకి మాట తలపెట్టును.

మూసు లేళ్ల కుటుంబమునందలి మృగములన్నింటిలోను పెద్దది. యూరపు, ఆసియా, ఉత్తర అమెరికా ఖండముల ఉత్తరపు అడవులంతట ఈ జాతి వ్యాపించి యున్నను, అలాస్కాలో నివసించు ఉపజాతి ఆకారమున తక్కినవానిని మించినది. పెరిగిన మగమూసు 1,200 మొదలు 1,600 పౌనుల వరకు, అనగా 545 మొదలు 725 కిలోగ్రాముల వరకు తూగును. ఆడుదాని తూకము 800 మొదలు 1,300 పౌనులు. మన నల్లమల యడవులలో తిరుగు కణుజు భారతదేశపు లేళ్లలో కెల్ల పెద్దదని పేరొందినదే కాని, అట్టివానిని రెంటిని కలిపి త్రాసున నిలిపినను ఈ మృగమునకు సరితూగుట యరిది. పొడవైన కాళ్లు, మూపుపై గూను, వ్రేలాడు పై పెదవి, గొంతుక్రింద తోలుతిత్తి, ఇవన్నియు గలసి దీని రూపమును చూపరులకు వికారముగా తోపజేయును. అయినను ఆ కాళ్లే లోతైన మంచులోను బురదలోను దీనిని నిరాటంకముగా నడిపించును; ఆ పెదవియే శీతకాలమున విల్లో, భూర్జవృక్షముల పుల్లలను విరిచి మేయుటకు తోడ్పడును. వేసవిలో ఇది సరస్సులలోనికి దిగి, ఉప్పుసత్త్వముగల నీటిమొక్కలను తలముంచి మేయును. కంటిచూపు మందము, వినికిడియు వాసనను పసిగట్టు శక్తియు అతి తీక్ష్ణములు. వేటగాండ్ర యుపాయములన్నియు ఈ మూడు గుణములమీదనే యాధారపడి యున్నవి.

కొమ్ములు మగదానికి మాత్రమే యుండును. అవి వసంతమున మొలచి, రక్తనాళములతో నిండిన నూగుచర్మముక్రింద వేసవియంతయు పెరిగి, ఆగస్టు తుదినుండి సెప్టెంబరు తొలినాళ్లలోపల గట్టిపడగా, మృగము వానిని పొదలకు రాచి ఆ చర్మమును ఊడ్చివైచును. చేటలవలె విశాలమై, అంచులందు మొనలు దేరిన యీ కొమ్ములు శీతకాలమున రాలిపోయి మరుసటి యేట క్రొత్తగా పుట్టును. కొమ్ముల పరిపూర్ణ వికాసము పది పండ్రెండేండ్ల ప్రాయమున గాని కలుగదు. ఇవి సాధారణముగా మందలు కట్టని జంతువులు. అయినను సెప్టెంబరు తుదివారమునుండి అక్టోబరు తొలివారము వరకు సాగు సంగమకాలమున మగవి ఆడువానిని వెదకుచు, పరస్పరము కొమ్ములతో డీకొనుచు, ఆహారము సైతము మాని తిరుగును. సంవత్సరమంతయు పొదలమాటున అదృశ్యమై యుండు మృగము తనంతట తాను శబ్దముచేయుచు బయటికి వచ్చుట ఆ దినములలోనే. కాని సంగమకాలము ముదిరినకొలది కొవ్వు కరగి మాంసమునకు ఘాటైన వాసన పట్టును గాన, వంటయింటి దృష్టితో చూచువారు సెప్టెంబరు నడిమి దినములనే మేలైనవిగా నెంచుదురు.

తెల్లవారు రాకముందు వేలకొలది సంవత్సరములనుండి కోయుకోన్, డెనైన, గ్విచిన్ మొదలగు అథబాస్కన్ తెగలవారు ఈ మృగముమీద ఆధారపడి జీవించిరి. మాంసము నెండబెట్టుటయు పొగబెట్టుటయు, మెదడును పూసి పొగపెట్టి తోలును మెత్తపరచుటయు, ఎముకలను పనిముట్లుగా మలచుటయు వారి గృహవిద్యలు. మూసు ముక్కును ఉడికించి తినుట నేటికిని ఆ యిండ్లలో విందుగా పరిగణింపబడును. మరణించినవారి గౌరవార్థము జరుపు పాట్‌లాచ్ అను సంతర్పణమునందు మూసు మాంసము లేకున్న కర్మ పూర్తికానట్లే. 1975లో మింటో గ్రామమున ఇట్టి సంతర్పణముకొరకు, వేట నిషేధింపబడిన కాలమున ఒక ఆడుమూసును చంపిన సందర్భమున కార్లోస్ ఫ్రాంక్ అనునతడు శిక్షితుడు కాగా, 1979లో అలాస్కా అత్యున్నత న్యాయస్థానము ఆ శిక్షను కొట్టివైచి, అట్టి వేట మతస్వాతంత్ర్యముచే రక్షింపబడుచున్నదని తీర్పు చెప్పెను.

ప్రభుత్వపు సంరక్షణ చరిత్ర ఇంత ప్రాచీనము కాదు. 1941లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు కెనాయ్ ద్వీపకల్పమున ఒక జాతీయ మూసు క్షేత్రమును ఏర్పరచెను. 1980లో అదియే జాతీయ వన్యప్రాణి శరణాలయముగా పేరు మార్చుకొన్నది. 1947లో ఆ ద్వీపకల్పమున 3 లక్షల ఎకరములకు పైగా అడవి కాలిపోయినప్పుడు, బూడిదనుండి మొలచిన లేత విల్లో భూర్జముల పుణ్యమా యని మూసుల సంఖ్య విశేషముగా వృద్ధిపొందెను. ఆ యనుభవము వన్యప్రాణి శాస్త్రజ్ఞులకు గొప్ప పాఠమైనది. నేడు రాష్ట్రమందంతట సుమారు 1,75,000 మొదలు 2,00,000 మూసులు కలవని యంచనా. ఏటేట వేటగాండ్రకు చిక్కునవి 6,000 మొదలు 8,000.

వేటయన్న నేరమను భావము మన పాఠకులలో నాటుకొని యుండుట సహజము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత మనదేశమున పరిస్థితి అట్టిది. అమెరికాలో మార్గము వేరు. అచట తుపాకులపైనను తూటాలపైనను వసూలుచేయు సుంకమును 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టము ప్రకారము రాష్ట్రములకు పంచి, దానితోను లైసెన్సు రుసుములతోను మృగసంరక్షణ సాగింతురు. ఈ పద్ధతి మంచిచెడ్డలను గురించిన వాదమును ఇట విస్తరింపబనిలేదు.

గోధుమవన్నె ఎలుగుబంటిని, డాల్ గొర్రెను, కొండమేకను వేటాడదలచిన ఇతర రాష్ట్రముల పౌరులకు మార్గదర్శియో, అలాస్కావాసియైన దగ్గరి బంధువో వెంట నుండితీరవలెనని అలాస్కా శాసనము. మూసు విషయమున అట్టి నిర్బంధము లేదు. స్వయంనిర్వాహిత యాత్రలు ఇంత ప్రచారము పొందుటకు మూలకారణ మిదియే. ఇతర రాష్ట్రీయుడు 160 డాలర్ల లైసెన్సును, 800 డాలర్ల మూసు బిళ్లను కొని, ఎవని ఆజ్ఞయు లేక అడవి చొరవచ్చును. అయితే అమెరికా పౌరులు గాక, ఆ దేశమున స్థిరనివాసము సైతము లేని విదేశీయులకు ఏ పెద్ద మృగమును వేటాడవలెనన్నను మార్గదర్శి తప్పదు. హైదరాబాదునుండియో విశాఖపట్టణమునుండియో కుమారుని చూడబోయి, అటనుండి అలాస్కా వేటకు బయలుదేరగోరు పెద్దమనుష్యునకు మార్గదర్శి ఖర్చు వేల డాలర్లలో పడును గనుక, ఆయన సరదా సాధారణముగా అంతటితో తీరిపోవును.

రాష్ట్రమును 26 మృగనిర్వహణ విభాగములుగా విభజించి, ఒక్కొక్కదానికి వేర్వేరు తేదీలు, వేర్వేరు నిబంధనలు నిర్ణయించియున్నారు. బయటివారికి పెక్కు విభాగములలో సెప్టెంబరు మాసమే వేటకాలము. వారు చంపదగిన మగమూసునకు కొమ్ముల వెడల్పు 50 అంగుళములైన నుండవలెను. లేక నొసటికొమ్మున ఒక ప్రక్కనైన, విభాగమునుబట్టి, మూడో నాలుగో మొనలుండవలెను. 1987లో కెనాయ్ ద్వీపకల్పమున మొదలైన ఈ కొలత నియమపు ఉద్దేశ్యము, నడిప్రాయపు మగమృగములను సంతానోత్పత్తికై కాపాడుట. కాగితముపై సులువుగా తోచు ఈ నియమము అడవిలో పరమసంకటము. 300 గజముల దూరమున, పొదల సందున, సంజవెలుగులో తల త్రిప్పుచున్న మృగముయొక్క కొమ్ములు 49 అంగుళములో 51 అంగుళములో నిర్ణయించుట ఎవనికి సాధ్యము? అందుచేత వేటగాండ్రు ముఖపు వెడల్పును కొలబద్దగా గొని కొమ్ముల నంచనా వేయుటను పటములు చూచి నెలలకొలది అభ్యసింతురు; దుర్భిణితో నొసటిమొనలను లెక్కపెట్టుట అంతకంటె నమ్మదగిన పద్ధతి. పొరబడి చిన్నదానిని చంపినవాడు మాంసమును కొమ్ములను ప్రభుత్వమున కర్పించి, న్యాయస్థానమునకు జవాబు చెప్పుకొనవలసియుండును. సందేహము కలిగినచో గుండు పేల్చకుండుటయే ఇట ప్రథమసూత్రము.

అలాస్కాలో అత్యధికభాగమునకు రోడ్లు లేవు. యూకాన్ నదిపై గెలీనా, కస్కోక్విం నదిపై మెగ్రాత్, బెతెల్, ఉత్తరధ్రువవృత్తమున కవతలి కోట్జెబ్యూ మున్నగు పట్టణములకు సైతము దేశములోని ఏ రోడ్డును చేరదు. వేటగాడు ఆంకరేజినుండియో ఫేర్‌బాంక్సునుండియో పెద్ద విమానమున అట్టి పట్టణము చేరి, అటనుండి నీటిమీద దిగగల చిన్న విమానమునో, ఇసుకతిన్నెలపై దిగుటకు వలసిన పెద్ద చక్రముల సూపర్ కబ్ విమానమునో ఎక్కును. కెనడాలో నిర్మింపబడి 1947లో తొలిసారి యెగిరిన డి హావిలాండ్ బీవర్ విమానము నేటికిని ఈ పనికి పేరెన్నికగన్నది. అది మనుష్యులతో, మూటలతో, తెప్పతో ఒక్కమారుగా తీసికొనిపోగలిగినది వేయి పౌనుల పరిసరములలో నుండును. సూపర్ కబ్ ఒకమారు ఒక్క మనుష్యుని, కొలది సామానును మాత్రమే మోయును. విమానమువాని పని దించుటయు మరల తెచ్చుటయు మాత్రమే. వేటలో సాయపడుటకు చట్ట మొప్పదు. విమానమున పయనించిన దినమున వేటాడరాదు. మరునాటి తెల్లవారుజామున 3 గంటలు దాటినపిదపనే తుపాకి పట్టవలెను. ఆకాశమునుండి మృగమును చూచి, ప్రక్కనే దిగి చంపుట అన్యాయమని ఈ నియమము చేసిరి. మానవరహితములైన డ్రోనులతో మృగములను వెదకుటయు 2014లో నిషేధింపబడినది.

దిగిన పిదప రెండు మార్గములు. ఒకటి, సరస్సుతీరమున డేరా వేసి అచటనే వేచియుండుట. రెండవది, 14 మొదలు 16 అడుగుల గాలితెప్పను ఊది, నది వెంబడి క్రిందికి తేలుచు, దినమునకు కొన్ని మైళ్లు సాగి, ముందుగా నిర్ణయించుకొన్న చోట విమానమునకై ఎదురుచూచుట. రెండవదే యెక్కువ ప్రీతిపాత్రము; ఏలయన నదియే రహదారియు, మోతబండియు. కాని నదిని కాగితముపై ఎంచుకొనుట కష్టము. వేగము, వాలు, కొమ్మలు పరచిన మెరకలు, అడ్డముగా పడి నీటిని వడగట్టు చెట్లు, ఇవన్నియు భూపటముల గీతల నడుమనుండి ఊహించుకొనవలెను. అందులో శరత్కాలమున నీరు తగ్గిపోవుచుండును. పోవునప్పుడు అవలీలగా తేలిన తెప్ప, మృగమాంసమును ఎక్కించిన తరువాత పలుచని నీటిలో రాళ్లకు తగులుకొని, ఇద్దరు మనుష్యులు చలినీటిలో నడుమువరకు దిగి గంటలకొలది త్రోయవలసి వచ్చుట మిక్కిలి సాధారణము.

సామానుల విషయమున ఎక్కువ చెప్పబనిలేదు. వర్షమునకు తట్టుకొను డేరా, తొడలదాక వచ్చు రబ్బరు బూట్లు, దుర్భిణి, నీటిని వడగట్టు సాధనము, ఉపగ్రహ దూరవాణి, రంపము, రెండు మూడు కత్తులు, వానిని నూరుకొను సానరాయి, మాంసమును కట్టుటకు గాలిచొరబడు గుడ్డసంచులు, త్రాళ్లు, నీడకై టార్పాలిన్లు ముఖ్యములు. రైఫిలు .30-06 మొదలు .338 వరకు ఏదైనను చాలును. క్రొత్తవాడు తుపాకినిగూర్చి నెలలు చర్చించి సంచులను మరచును. పాతవాడు సంచులు రెండు ఎక్కువ తీసికొనిపోవును.

ఇక వేట. ఉదయసాయంకాలములందు ఎత్తైన మిట్టపై కూర్చుండి, క్రింది విల్లో పొదలను గంటలతరబడి పరికించుట మొదటిపని. ఎండకు మెరయు కొమ్ము, ఊగని కొమ్మల నడుమ ఊగిన ఒక కొమ్మ, అంతియే కనబడునది. తరువాత పిలుపు. రెండు చేతులను దోనెగా నోటికడ నుంచి, ఆడుమూసు దీర్ఘముగా మూల్గు మూల్గును అనుకరింతురు. కొందరు భూర్జపత్రపు బూరలను వాడుదురు. ఎండిన మూసు భుజాస్థితోనో తెడ్డుతోనో పొదలను రాచి, ప్రత్యర్థియైన మగమృగము కొమ్ములు రాచుచున్నట్లు భ్రాంతి కలిగింతురు. ఆ ధ్వని నిశ్శబ్దమైన లోయలో మైలుదాటి వినబడును. పిలిచినంతనే రాదు, మరునాడో మూడవనాడో, ఆ శబ్దము వచ్చిన చోటికే సూటిగా వచ్చు మృగములు కలవని అనుభవజ్ఞులు చెప్పుదురు. కావున పిలిచినచోటు విడిచి తొందరపడి తిరుగువానికంటె కదలక కూర్చుండువానికే ఫలము దక్కును. ఓపికలేనివాడు తన వాసనను గాలికి ఎక్కించి లోయ యంతయు పాడుచేసికొనును.

మృగము కనబడగానే మొదటి ప్రశ్న చట్టమునకు సంబంధించినది, రెండవది దూరమునకు. నీటిఒడ్డునుండి ఒక మైలుకు మించిన దూరమున మూసును చంపరాదని ప్రతి పెద్ద వేటగాడును చెప్పు మాట. గడ్డిదుబ్బులు మెత్తగా క్రుంగు చిత్తడినేలపై ఒక్కొక్క మోత రానుపోను రెండు మైళ్లు, అట్టి మోతలు ఏడెనిమిది. గుణించి చూచుకొన్నవానికి మైలుదూరపు మృగము రాజ్యలక్ష్మివలె గాక ఋణదాతవలె కనబడును. ఈదుచున్న మృగమును చంపుట చట్టముచే నిషిద్ధము. దెబ్బతిని నీటిలోనికి పరుగెత్తి అటనే కూలినదానిని ఒడ్డునకు చేర్చుట యెట్టి నరకమో అనుభవించినవారికే యెరుక; అందుచేత ఒడ్డున నిలిచినదానిపై సైతము వివేకి గుండు విడువడు.

తుపాకి పేలిన పిదప అసలుపని. మన ప్రబంధకవులు వేటను వర్ణించునపుడు జాగిలములను, వలలను, వేటగాండ్ర వేషభాషలను తనివిదీర వర్ణింతురే గాని, చచ్చిన మృగమును మోయువాని నడుమునొప్పిని సాధారణముగా పట్టించుకొనరు. ఇచట గ్రంథమంతయు ఆ నొప్పియే. 1,600 పౌనుల మృగమునుండి చేతికి దక్కు మాంసము సుమారు 500 పౌనులు. దళసరిచర్మము, బోలువెండ్రుకలు శరీరోష్ణమును లోపల బంధించును గాన, బయట ఎంత చలిగానున్నను చర్మము ఒలువని మాంసము ఎముకల కడనుండి కుళ్లుటకు కొన్ని గంటలు చాలును. అనుభవజ్ఞులు పొట్టను చీల్చక, మృగమును ఒక ప్రక్కకు పరుండబెట్టి, పై చర్మమును ఒలిచి, ముందుజబ్బను, వెనుకతొడను, వీపుకండను, మెడకండను, పక్కటెముకల మాంసమును తీసి, పిదప రెండవప్రక్కకు దొర్లించి అట్లే చేయుదురు. ఆ దొర్లించుట ఇద్దరి బలమునకు పరీక్ష. ఎముకతోగూడిన ఒక్క వెనుకతొడయే 50 కిలోగ్రాములకు మించును. చీకటిపడినచో తలదీపముల వెలుగున, ఎలుగుబంటి రాకకు చెవియొగ్గుచు పని సాగింపవలెను.

చల్లగా, పొడిగా, శుభ్రముగా: మాంసరక్షణకు ఈ మూడు మాటలే శాస్త్రము. కర్రలతో పందిరి కట్టి సంచులను వ్రేలాడదీసి, పైన టార్పాలిన్ కప్పి, ప్రక్కలను గాలికి విడిచినచో పైపొర ఎండి ఈగలను దూరము చేయును; సిట్రిక్ ఆమ్లపు నీటిని చల్లువారును కలరు. ప్లాస్టిక్ సంచిలో మూటగట్టుట మాంసమును చంపుకొనుటతో సమానము. 1992 వేసవిలో డెనాలీ ప్రాంతపు స్టాంపీడు బాటపై పాడుపడిన బస్సులో ఒంటరిగా నివసించిన క్రిస్టఫర్ మెకాండ్లెస్ జూన్ మాసమున ఒక మూసును చంపి, పొగబెట్టి నిలువచేయ యత్నించి, ఈగలు పురుగులు పట్టగా దానిని విడిచిపెట్టవలసివచ్చెను. ఆగస్టున ఆకలితో అతడు మరణించెను. అతని కథను జాన్ క్రాకవర్ 1996లో గ్రంథముగా వెలయించిన పిదప, ఆ బస్సును చూడబోయి నదులలో ఆపదల పాలైనవారు పలువురు కాగా, 2020లో ప్రభుత్వము బస్సునే అటనుండి తొలగించినది. వేసవిలో, ఒక్క మనుష్యుడు, ఒక్క మూసు: ఈ లెక్క ఎన్నటికిని కుదరదని అలాస్కావాసులు వెంటనే గ్రహించిరి.

మాంసమును వృథాచేయుట అచట ఘోరాపరాధము. నాలుగు కాళ్లమీది మాంసము, రొమ్ము, మెడ, వీపు, పక్కటెముకల మాంసము సమస్తము తేవలెను. పెక్కు విభాగములలో కాళ్లమాంసమును, కొన్నింట పక్కటెముకలను సైతము, ఎముకనుండి వేరుచేయకయే తేవలెను. ఎముక తీసినచో బరువు తగ్గునుగాని మాంసము త్వరగా చెడునని అధికారుల యనుభవము. కొమ్ములు మాంసమునకు ముందు కదలరాదు. చివరి మోతతోనో ఆ తరువాతనో మాత్రమే రావలెను. కొమ్ములకై మృగమును చంపి మాంసమును విడిచిపోవువారిని అదుపుచేయుటకు ఇంతకంటె చక్కని నియమము వేరొకటి దొరకదు.

వాసన పసిగట్టి ఎలుగుబంటి వచ్చుట తథ్యమని తలచియే అన్నియు ఏర్పాటు చేసికొందురు. ప్రేగులు పడినచోటునకు దూరముగా, నలువైపుల కనబడు బయలున మాంసమునుంచి, చుట్టును విద్యుత్తీగల కంచె కట్టుదురు. జీవనాధారమైననే తప్ప, వేటమాంసమును కాపాడుకొనుటకై ఎలుగును చంపుటకు చట్ట మొప్పదు. ప్రాణరక్షణకు చంపినచో దాని చర్మమును, పుర్రెను ఒలిచి ప్రభుత్వమునకు అప్పగింపవలెను. నిజమునకు ఈ యాత్రలలో ఎలుగుకంటె చలినీరే భయంకరమైన శత్రువు. తడిసినవాని దేహోష్ణము పడిపోయి బుద్ధి మందగించుట నిమిషముల పని. పొగమంచు క్రమ్మినచో విమానము రెండు మూడు దినములు రాకపోవుటయు కద్దు. ఆ దినములకై ఆహారము వేరుగా నుంచుకొనని జట్టు తాను తెచ్చిన మాంసమునే కాల్చుకొని తినవలసివచ్చును. దానిని శిక్షయని యెవరును అనరు.

ఇట్టి నదులపై ఎవరి అధికారము చెల్లును అను వివాదము ఒక మూసు వేటగానివలననే అమెరికా అత్యున్నత న్యాయస్థానము వరకు పోయినది. 2007లో జాన్ స్టర్జన్ అనునతడు నేషన్ నదిపై గాలిదిండుపై నడచు హోవర్‌క్రాఫ్టులో వేటకు పోవుచుండగా జాతీయోద్యానముల రక్షకులు అడ్డగించిరి. ఆ వ్యాజ్యము రెండుమారులు ఆ న్యాయస్థానము నెక్కి, 2019లో ఏకగ్రీవముగా అతని పక్షమున ముగిసెను. గ్రామవాసులతోడి తగవు ఇంతకంటె లోతైనది. 1980 నాటి అలాస్కా భూసంరక్షణ చట్టము కేంద్రప్రభుత్వపు భూములలో గ్రామీణుల జీవనాధారమైన వేటకు ప్రథమాధికార మొసగినది. మృగములు తగ్గినచోట బయటివారికి ఆ భూములు మూయబడుచున్నవి. విమానములలో దిగువారు తమ మాంసపుగిన్నెలోనికి చేయిపెట్టుచున్నారని గ్రామీణులయు, భూమి అందరిదని బయటివారియు వాదము. ఇంటికి మోయలేనంత మాంసమున్న యాత్రికులు బదిలీపత్రము వ్రాసి దానిని గ్రామములలోని వృద్ధులకు ఇచ్చిపోవుట అనేక తావుల ఆచారముగా నున్నది. యాత్ర ముగించినవాడు మృగము చిక్కినను చిక్కకున్నను ఆ సంగతిని వన్యప్రాణిశాఖకు వ్రాసి పంపవలెను. మృగము చిక్కినవానికి 15 దినములు గడువు. ఆ విభాగమునందలి వేట తేదీలను నిర్ణయించుటకు ఆ నివేదికలును తోడ్పడును.